చేపపిల్లల మొదటి మేత: ఇన్ఫ్యూసోరియా పెంచాలా, పురుగులు పెట్టాలా, ఆర్టీమియా పొదిగించాలా?

ఫైటర్ చేపల జత గుడ్లు పెట్టాక మొదటి నాలుగైదు రోజులు మనకి పనేమీ ఉండదు. బుడగల గూడు కింద పిల్లలు తోకలు వేలాడేసుకుని ఉంటాయి. జారిపడిన పిల్లని మగచేప నోటితో పట్టుకెళ్ళి మళ్ళీ గూట్లో పెడుతూ ఉంటుంది. పొట్ట కింద ఉన్న సొన సంచే అప్పటికి వాటి తిండి. ఆ సంచి కరిగిపోయి పిల్లలు అడ్డంగా ఈదడం మొదలుపెట్టాక లెక్క మారిపోతుంది. అక్కడినుంచి ఒకటి రెండు రోజుల్లో నోట్లో పట్టే మేత దొరక్కపోతే నీరసించిపోతాయి. ఆ తరవాత ఎంత మంచి మేత పోసినా వేటాడే ఓపిక ఉండదు.

ఆ రోజు షాపుకి పరిగెత్తి లాభం లేదు. ఆర్టీమియా (ఉప్పునీళ్ళలో బతికే బుల్లి రొయ్యలాంటి ప్రాణి) గుడ్లకి ఒక రోజు, పారమీషియంకి (ఇదొక ఏకకణ జీవి) వారం, వెనిగర్ ఈల్స్‌కి (వెనిగర్‌లో పెరిగే సన్నటి పురుగులు) నెల పడుతుంది. అందుకే ఏ మేత అన్నది జతను కలపకముందే తేల్చుకోవాలి.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు నోరు. మేత పిల్ల కన్ను కంటే సన్నగా ఉంటే మింగగలదు అన్నది ఉజ్జాయింపుగా పనికొచ్చే లెక్క. పురుగుల విషయంలో పొడవు కాదు, మందం చూడాలి. పిల్లలు వాటిని సేమ్యా లాగినట్టు లోపలికి లాగేసుకుంటాయి. కింద పట్టికలో కొలతలు మైక్రాన్లలో ఉన్నాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్.

రెండోది, మేత ఎక్కడ తిరుగుతుంది అన్నది. ఫైటర్, గౌరామి, రెయిన్‌బో పిల్లలు నీటి పైభాగంలో ఉంటాయి. కోరీడోరస్ పిల్లలు అడుగున వెతుక్కుంటాయి. పైన ఉండే పిల్లకి అడుగున చేరిన పురుగు కనపడదు.

మూడోది చాలామంది పట్టించుకోనిది: మంచినీళ్ళలో ఆ ప్రాణి ఎంతసేపు బతుకుతుంది? పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకెళ్ళి రాత్రి ఏడింటికి వచ్చేవాళ్ళకి నాలుగైదు గంటల్లో చచ్చిపోయే మేత ఒక్కటే చాలదు. చచ్చిన మేత తిండి కాదు సరికదా, పది లీటర్ల తొట్టిలో నీళ్ళు కుళ్ళబెట్టేస్తుంది. మొదటి వారంలో పిల్లలు ఆకలితో పోయేది ఎంతో, నీళ్ళు చెడిపోయి పోయేదీ అంతే.

ఇక మన ఎండలు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో పెట్టిన డబ్బా 36 డిగ్రీలకి తేలిగ్గా చేరుతుంది. ఇంగ్లీషు వీడియోల్లో "గది ఉష్ణోగ్రత" అని చెప్పేది 22 డిగ్రీల సంగతి. ఆ తేడా కొన్ని కల్చర్లను (సీసాలోనో డబ్బాలోనో పెంచుకునే మేత ప్రాణుల్ని) రెండు రోజుల్లో తుడిచిపెట్టేస్తుంది.

| మేత | పరిమాణం | తయారవడానికి | మంచినీళ్ళలో బతికేది | తిరిగే చోటు | ఎండాకాలంలో |
|---|---|---|---|---|---|
| ఇన్ఫ్యూసోరియా, పారమీషియం | 50–300 మైక్రాన్లు | 5–7 రోజులు | తినేదాకా | అంతటా | నీడన పెడితే పర్లేదు |
| వెనిగర్ ఈల్స్ | మందం సుమారు 50 మైక్రాన్లు, పొడవు 1–2 మి.మీ. | 3–4 వారాలు | కొన్ని రోజులు | మధ్యన, పైన | బాగా ఓర్చుకుంటాయి |
| మైక్రోవర్మ్స్ | మందం 50–100 మైక్రాన్లు, పొడవు 1–2 మి.మీ. | 4–6 రోజులు | సుమారు ఒక రోజు | అడుగున | త్వరగా పాడవుతాయి |
| ఆర్టీమియా పిల్లలు | 400–500 మైక్రాన్లు | 24 గంటలు | కొన్ని గంటలే | మధ్యన, వెలుగు వైపు | నీళ్ళు 33 డిగ్రీలు దాటకూడదు |
| మొయినా (మంచినీటి బుల్లి నీటి ఈగ) | పుట్టినప్పుడు సుమారు 400–500 మైక్రాన్లు, పెద్దది సుమారు 1 మి.మీ. | 7–10 రోజులు | తినేదాకా | మధ్యన | వేడికి అలవాటైనదే |

మీ చేప ఏ కోవలోది

హనీ గౌరామి, డ్వార్ఫ్ గౌరామి, నియాన్ టెట్రా, రెయిన్‌బో: వీటి పిల్లల నోరు మరీ చిన్నది. ఇన్ఫ్యూసోరియా లేకుండా దిగొద్దు. ఫైటర్, జీబ్రా డానియో, రోజీ బార్బ్ మధ్యరకం. మొదటి రెండు మూడు రోజులు సన్నమేత (పారమీషియం లేదా ఈల్స్), ఆ వెంటనే ఆర్టీమియా. ఫైటర్ పిల్లల్లో కాస్త బలంగా ఉన్నవి ఈదిన రోజే ఆర్టీమియా పట్టేస్తాయి, చిన్నవి పట్టలేవు. సన్నమేత పెట్టకపోతే ఆ చిన్నవన్నీ పోయి "సగం పిల్లలే మిగిలాయి" అంటాం.

గోల్డ్‌ఫిష్, ఏంజెల్, కిల్లీ పిల్లలకి ఈదడం మొదలైన రోజునుంచే ఆర్టీమియా నడుస్తుంది. గప్పీ, మోలీ, ప్లాటీ అసలు పిల్లల్నే పెడతాయి కాబట్టి పొడి మేత కూడా తింటాయి. వాటికి ఆర్టీమియా ఎదుగుదల కోసమే. డిస్కస్ పిల్లలు మొదట్లో తల్లిదండ్రుల ఒంటి మీది జిగురే తింటాయి, వాటి జోలికి ఇక్కడ పోవడంలేదు.

ఇన్ఫ్యూసోరియా, పారమీషియం

ఇన్ఫ్యూసోరియా అంటే ఒక ప్రాణి పేరు కాదు. కుళ్ళుతున్న ఆకు ఉన్న నీళ్ళలో పుట్టుకొచ్చే ఏకకణ జీవులన్నిటికీ కలిపి పెట్టిన పేరు. దీన్ని రెండు రకాలుగా పెంచవచ్చు.

నాటు పద్ధతి ఇది. రెండు లీటర్ల గాజు సీసాలో లీటరున్నర పాత అక్వేరియం నీళ్ళు పోయాలి. గుప్పెడు వరిగడ్డిని ముక్కలు చేసి పది నిమిషాలు ఉడకబెట్టి, చల్లారాక అందులో వెయ్యాలి. గడ్డి దొరక్కపోతే ఎండబెట్టిన క్యాబేజీ ఆకు ఒకటి, లేదా రెండంగుళాల అరటితొక్క. విత్తనంగా తొట్టిలోని జావా మాస్ అనే నీటి మొక్కనో, ఫిల్టర్ స్పాంజినో అందులో పిండాలి. సీసా మూతికి పల్చని గుడ్డ కట్టి, ఎండ నేరుగా పడని చోట పెట్టాలి.

రెండోరోజుకి నీళ్ళు పాలలా తెల్లబడి కంపు కొడతాయి. అది బాక్టీరియా, ఇంకా మేత కాదు. నాలుగైదు రోజులకి ఆ తెలుపు విరిగిపోయి నీళ్ళు పల్చని టీ రంగుకి తేటపడతాయి, కంపు తగ్గి మట్టివాసన వస్తుంది. అప్పటికి బాక్టీరియాని తినే జీవులు పెరిగాయన్నమాట. అందరూ చేసే తప్పు, తెల్లగా ఉన్నప్పుడే తీసి పోసెయ్యడం. అందులో పిల్లలు తినగలిగేది దాదాపు ఏమీ ఉండదు, పైగా ఆ బాక్టీరియా తొట్టిలో ప్రాణవాయువుని పీల్చేస్తుంది. తెల్లారేసరికి పిల్లలు పోతాయి, నింద ఇన్ఫ్యూసోరియా మీద పడుతుంది.

తయారైందో లేదో చూడటానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. రాత్రి లైటు ఆర్పి, సీసా వెనక నల్ల గుడ్డ పెట్టి, ఫోను టార్చి పక్కనుంచి వెయ్యండి. భూతద్దంలోంచి చూస్తే తెల్లటి నలుసులు కనపడతాయి. దుమ్ము అయితే నిదానంగా కిందికి దిగుతుంది. ప్రాణమున్నది మెలితిరుగుతుంది, ఆగుతుంది, వెనక్కి మళ్ళుతుంది, పైకి పోతుంది. బాగా పెరిగిన పారమీషియం అయితే నీటి మట్టం దగ్గర గాజుకి ఆనుకుని పల్చని పొగ వలయంలా కనపడుతుంది.

రెండో పద్ధతి పారమీషియం ఒక్కదాన్నే పెంచడం. పెంపకందార్ల దగ్గర వంద మిల్లీలీటర్ల స్టార్టర్ (తోడులా వేసుకునే బతికున్న కల్చర్) దొరికితే నాటు పద్ధతి జోలికే పోనక్కర్లేదన్నది మా అభిప్రాయం. లీటరు నీళ్ళు మరగబెట్టి చల్లార్చి, అందులో ఉడికించిన గోధుమ గింజలు ఐదారు, బేకరీ ఈస్ట్ చిటికెలో సగం వేసి స్టార్టర్ కలపాలి. 24–28 డిగ్రీల్లో వారానికి అందివస్తుంది. ఈస్ట్ ఎక్కువైతే నీళ్ళు పుల్లబడి పారమీషియం చస్తుంది. తక్కువైతే నష్టం లేదు, రెండు రోజులు ఆలస్యమవుతుందంతే. ఎప్పుడూ రెండు సీసాలు నడపండి, ఒకటి పోతే రెండోది ఉంటుంది. పది పదిహేను రోజులకోసారి కొత్త సీసాకి మార్చండి.

పది లీటర్ల తొట్టికి రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి 30–50 మి.లీ. చాలు. సిరంజితో పైభాగం నీళ్ళే తీసుకోండి, అడుగు మడ్డి కదపొద్దు. తీసినంత మేర మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు పోసి, రెండు మూడు రోజులకోసారి రెండు చుక్కల పాలు వెయ్యండి.

చెరువు నీళ్ళు తెచ్చి నేరుగా పోయడం తేలికైన దారిలా కనపడుతుంది. ఆ నీళ్ళతో పాటు తూనీగ పిల్లలు, హైడ్రా, సైక్లాప్స్ లాంటి వేటాడే బుల్లి ప్రాణులు కూడా వస్తాయి. పెద్ద సైక్లాప్స్ బొత్తిగా చిన్న పిల్లల్ని పట్టి కొరుకుతుంది. హైడ్రా ఒకసారి తొట్టిలో పడితే వదిలించుకోవడం పెద్ద తలనొప్పి.

పచ్చనీరు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాం. పాత తొట్టి నీళ్ళు టబ్బులో పోసి ఎండలో పెడితే వారం, రెండు వారాల్లో పచ్చబడతాయి. అందులోని నాచు కణాలు చాలావరకు పది మైక్రాన్లలోపే, పిల్లలు వాటిని వేటాడవు. వాటిని తిని బతికే సూక్ష్మజీవులే అసలు మేత. డాబా మీద సిమెంటు తొట్లు ఉన్నవాళ్ళకి గోల్డ్‌ఫిష్, గౌరామి పిల్లలకి ఇది చక్కటి ఆసరా, మొయినాకి తిండీ అవుతుంది. టబ్బు మీద దోమతెర తప్పనిసరి. లేకపోతే వీధంతటికీ డెంగీ దోమలు మన డాబా మీదే తయారవుతాయి.

వెనిగర్ ఈల్స్

నిర్లక్ష్యాన్ని ఇంతగా క్షమించే కల్చర్ ఇంకొకటి లేదు. మొదలుపెట్టి బీరువా మీద పెట్టి మర్చిపోయినా ఆరునెలల తరవాత కూడా బతికే ఉంటాయి.

లీటరు గాజు సీసాలో సగం యాపిల్ సైడర్ వెనిగర్, సగం క్లోరిన్ పోయిన నీళ్ళు, రెండు మూడు యాపిల్ ముక్కలు, స్టార్టర్ ఓ వంద మిల్లీలీటర్లు. మూతి నిండా పోయకుండా పైన గాలికి చోటు వదిలి గుడ్డ కట్టాలి. కిరాణా కొట్లో చవగ్గా దొరికే తెల్ల సింథటిక్ వెనిగర్ ఒక్కదానితో పని జరగదు. ఈ పురుగులు తినేది వెనిగర్ని కాదు, అందులో పెరిగే బాక్టీరియానీ ఈస్ట్‌నీ. అవి పెరగడానికి పండు ఉండాలి.

ఇబ్బంది తీసేటప్పుడే. వెనిగర్‌తో సహా తొట్టిలో పోస్తే నీళ్ళు పుల్లబడతాయి. దానికో ఉపాయం ఉంది. సన్నని పొడవాటి మెడ ఉన్న సీసాలో మెడ మొదలు దాకా కల్చర్ పోయాలి. ఫిల్టర్ దూది ఉండగా చేసి, వెనిగర్‌కి తగిలేలా మెడలో బిగించాలి. దాని పైన మెడలో మంచినీళ్ళు నిండా నింపాలి. గాలి కోసం ఈల్స్ దూదిలోంచి దూరి పై నీళ్ళలోకి వస్తాయి. రాత్రి పెడితే పొద్దున్నకి ఆ నీళ్ళు మెలికలు తిరిగే సన్నటి వెండి పోగులతో మసకగా కనపడతాయి. సిరంజితో తీసి నేరుగా తొట్టిలో వెయ్యొచ్చు. పారమీషియంని మడ్డి లేకుండా తీయడానికి కూడా ఇదే ఉపాయం పనికొస్తుంది.

పోషకం మాత్రం ఆర్టీమియా దరిదాపుల్లో ఉండదు. ఈల్స్ మీదే రెండు వారాలు నెట్టుకొస్తే పిల్లలు బతుకుతాయి, ఎదగవు. వీటిని ఇంటిలో ఎప్పుడూ ఉండే అత్యవసర నిల్వగానే చూడండి.

మైక్రోవర్మ్స్

డబ్బాలో ఓట్స్ జావ రెండు సెంటీమీటర్ల మందాన పరిచి, మీద చిటికెడు ఈస్ట్ చల్లి, చెంచాడు స్టార్టర్ వేస్తే నాలుగైదు రోజుల్లో పురుగులు డబ్బా గోడల మీదికి పాకుతాయి. ఓట్స్‌కి బదులు శనగపిండి ముద్ద, తడిపిన బ్రెడ్ కూడా నడుస్తాయి. మరీ జారుగా ఉంటే పురుగులు మునిగిపోతాయి. ఇడ్లీపిండి కంటే గట్టిగా, చపాతీపిండి కంటే మెత్తగా ఉండాలి. మూతకి చిన్న చిల్లులు పెట్టి దూది కూరండి, లేకపోతే పండు ఈగలు దూరి గుడ్లు పెడతాయి.

వేలితోనో బ్రష్‌తోనో గోడ మీద తుడిచి, చిన్న గిన్నెలో నీళ్ళలో కడిగి, పురుగులు అడుక్కి చేరాక పై నీళ్ళు ఒంపేసి పెట్టాలి. జావ ముక్క తొట్టిలోకి పోకూడదు.

పులిసిన ఇడ్లీపిండి వాసన వస్తున్నంతకాలం కల్చర్ బాగున్నట్టు. పైన గోధుమరంగు నీళ్ళు తేరి మురుగు కంపు మొదలైతే పోతున్నట్టు. మామూలుగా మూడు నాలుగు వారాలు వస్తుంది, మన మే నెలలో పది రోజులకే పోవచ్చు. పదిరోజులకో కొత్త డబ్బా వేసుకుంటూ, ఎండాకాలం నీళ్ళకుండ పక్కన తడిగుడ్డ చుట్టి పెట్టుకోవాలి. ఫ్రిజ్‌లో కూరగాయల అర మరీ చల్లన, పెరుగుదల ఆగిపోతుంది. అమెరికా, కెనడాల్లో ఉన్న మనవాళ్ళకి చలికాలంలో మాత్రం 20 డిగ్రీల గదిలో ఇది నిక్షేపంగా నడుస్తుంది.

కోరీడోరస్ పిల్లలకి ఇది సరిగ్గా సరిపోయే మేత. ఫైటర్ పిల్లలకి పెట్టేవాళ్ళు అడుగు ఖాళీగా ఉన్న తొట్టిలో, కొద్దికొద్దిగా, రోజుకి మూడుసార్లు వెయ్యాలి. ఇసుక ఉంటే పురుగులు అందులోకి దూరి అక్కడే చచ్చి కుళ్ళుతాయి. బనానా వర్మ్స్, వాల్టర్ వర్మ్స్ కూడా ఈ జాతివే, ఇంకొంచెం సన్నవి. స్టార్టర్ దొరికితే ఫైటర్‌కి అవే మేలు.

ఆర్టీమియా

పిల్లల్ని పెంచడంలో ఆర్టీమియాకి సాటి వచ్చే మేత లేదు. నెల్లూరునుంచి విశాఖదాకా మన కోస్తాలో ఉన్న రొయ్యపిల్లల హేచరీలు కూడా వీటి మీదే నడుస్తాయి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా కడుపులో సొన నిండుగా ఉంటుంది, చేపపిల్లకి అదే బలం.

కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసేసి తలకిందులుగా నిలబెట్టండి. లీటరు నీళ్ళలో 25 గ్రాముల ఉప్పు, అంటే రాళ్ళుప్పు అయితే సుమారు ఐదు టీచెంచాలు. అయోడిన్ ఉప్పయినా పొదుగుతాయి, ఆ భయం అక్కర్లేదు. నీళ్ళు కొంచెం క్షారంగా ఉండాలి, చిటికెడు వంటసోడా వేస్తే సరి. ఆర్టీమియా గుడ్లు అర టీచెంచా. ఎయిర్ పంపు గొట్టం సీసా మూతి దాకా దింపి గట్టిగా గాలి వదలాలి. ఎయిర్‌స్టోన్ వద్దు, సన్న బుడగలకి నురగ కట్టి గుడ్లు గోడలకి అంటుకుపోతాయి. మొదటి కొన్ని గంటలు పైన లైటు ఉండాలి, వెలుగు తగిలితేనే గుడ్డులో కదలిక మొదలవుతుంది. 25–28 డిగ్రీల్లో 24 గంటలు. చల్లగా ఉంటే 36 గంటలు కూడా పట్టొచ్చు. 33 దాటితే గుడ్డులో ఎదుగుదల ఆగిపోతుంది. మే నెలలో సీసాని నీళ్ళ బకెట్లో నిలబెట్టేది ఇందుకే.

పొదిగాక గాలి ఆపి పదినిమిషాలు ఆగాలి. గోధుమరంగు పెంకులు పైకి తేలతాయి, పొదగనివి అట్టడుక్కి దిగుతాయి, మధ్యన నారింజ రంగు మబ్బులా ఉండేవి పిల్లలు. టార్చి కిందివైపు పెడితే అటే గుమికూడతాయి. సన్నగొట్టంతో లాగి, దగ్గరి నేత ఉన్న చేతిరుమాలులో వడకట్టి, మంచినీళ్ళతో కడిగి పెట్టండి. పెంకులు వస్తే వడకట్టింది మళ్ళీ గ్లాసులో వేసి ఇంకోసారి తేర్చండి. పెంకులు మింగిన పిల్లలకి పొట్ట అడ్డుపడుతుంది.

పొదిగిన తరవాత గడిచే ప్రతి గంటా సొన కరిగిపోతుంది. సుమారు ఎనిమిది గంటలకి ఆర్టీమియా పిల్ల కుబుసం విడిచి పెద్దదవుతుంది, బలం తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. చిన్ననోటి పిల్లలకి రెండు విధాలా నష్టమే. మిగిలినవాటిని ఉప్పునీళ్ళలోనే గిన్నెలో పల్చగా పోసి ఫ్రిజ్‌లో పెడితే ఒక రోజు ఆగుతాయి.

పొదగకపోతే తప్పు సాధారణంగా మన నీళ్ళది కాదు, గుడ్లది. హేచరీ డబ్బాలు విప్పి చిన్న ప్యాకెట్లుగా కట్టి అమ్మినవి తేమ పీల్చుకుని ఉంటాయి, మన కోస్తా గాలిలో మరీను. వంద గుడ్లకి ఎనభైకి పైగా పొదిగేవి మంచివి. కొత్త ప్యాకెట్ తెచ్చినరోజే చిటికెడు వేసి పరీక్షించండి, పిల్లలు ఈదుతున్నరోజు కాదు. మిగిలినవి గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో ఉంచండి.

కరెంటు రెండు మూడు గంటలు పోయే ఊళ్ళలో బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొనుక్కోవడం మంచిది. గాలి ఆగితే గుడ్లు అడుక్కి చేరి ఊపిరాడక చస్తాయి.

మొయినా

నీటి ఈగ అనే డాఫ్నియాకి చిన్న చుట్టం. మంచినీటి ప్రాణి కాబట్టి తొట్టిలో తినేదాకా బతుకుతుంది, నీళ్ళు చెడవు. ఆర్టీమియా మీద దీనికున్న పెద్ద ఆధిక్యం ఇదే. నలభై లీటర్ల టబ్బులో పచ్చనీళ్ళు, లేదా పావు టీచెంచా ఈస్ట్ నీళ్ళలో కలిపి పోసి, వంద మొయినాలు వదిలితే వారం పదిరోజుల్లో టబ్బు నిండుతుంది. నీళ్ళు తేటపడ్డాకే మళ్ళీ ఈస్ట్ వెయ్యాలి. తెల్లగా ఉండగానే వేస్తే ఒక్కరాత్రిలో మొత్తం పోతాయి.

ఇంటి మొదటి మేతగా దీని లోపం, టబ్బులో అన్ని సైజులవీ కలిసి ఉండటం. టీ వడకట్టులోంచి జారిన వాటిని రుమాలులో పడితే చిన్నవే దొరుకుతాయి. గోల్డ్‌ఫిష్, ఏంజెల్ పిల్లలకి సరే. ఫైటర్‌కి వారం దాటాకే.

ఉడికిన గుడ్డు సొన గుడ్డలో పిండి పోయడం మన దగ్గర బాగా అలవాటు. అది కదలదు, పిల్లలు చాలావరకు పట్టించుకోవు, నీళ్ళు మాత్రం గ్యారంటీగా కుళ్ళుతాయి. గోల్డ్‌ఫిష్ పిల్లలకి గత్యంతరం లేనప్పుడు ఒక పూట, అదీ వెంటనే నీళ్ళు మార్చగలిగితేనే.

ఎవరు ఏది పెట్టుకోవాలి

మొదటిసారి ఒకే ఒక ఫైటర్ జతతో ప్రయత్నించేవాళ్ళు వెనిగర్ ఈల్స్ నెల ముందు మొదలుపెట్టి, ఆర్టీమియా ప్యాకెట్ పరీక్షించి ఉంచుకుంటే చాలు. ఫ్లాట్‌లో ఉండి ఇంట్లోవాళ్ళు కంపు ఒప్పుకోనివాళ్ళకీ ఇదే జోడీ. నాటు ఇన్ఫ్యూసోరియా వంటింటి గట్టు మీద పెట్టి కాపురం చెడగొట్టుకోవద్దు.

గౌరామి, టెట్రా చేయాలనుకునేవాళ్ళకి పారమీషియం తప్పదు, అదీ రెండు మూడు సీసాలు. ఈల్స్ ఉంటే తోడు. ఒక్క ఈల్స్‌నే నమ్ముకుంటే హనీ గౌరామి పిల్లల్లో చిన్నవి మింగలేవు.

డాబా, సిమెంటు తొట్లు ఉండి గోల్డ్‌ఫిష్ వందల్లో పెంచేవాళ్ళు పచ్చనీరు, మొయినా వైపు వెళ్ళండి. ఆ స్థాయిలో ఆర్టీమియా ఖర్చు తడిసి మోపెడవుతుంది. మొదటి ఐదారు రోజులకి మాత్రం ఆర్టీమియా పెట్టి, తరవాత మొయినాకి మార్చుకుంటే రెండిందాలా లాభం.

పగలంతా ఇంట్లో లేనివాళ్ళు పొద్దున ఆర్టీమియాతో పాటు కొన్ని ఈల్స్ కూడా వదిలి వెళ్ళాలి. మధ్యాహ్నానికి ఆర్టీమియా చచ్చినా, ఈల్స్ సాయంత్రందాకా పైన తిరుగుతూ ఉంటాయి.

ఫైటర్‌కి రోజువారీ లెక్క

గుడ్లు పెట్టిన రోజుకి పారమీషియం లేదా ఈల్స్ చేతిలో సిద్ధంగా ఉండాలి. ఒకటిన్నర, రెండు రోజులకి పొదుగుతాయి. ఆ తరవాత ఇంకో రెండు మూడు రోజులు పిల్లలు వేలాడుతూ ఉంటాయి, అప్పుడు ఏమీ పెట్టకండి. అడ్డంగా ఈదడం మొదలైన రోజు మగచేపని తీసేసి సన్నమేత మొదలుపెట్టండి, ఆ సాయంత్రమే ఆర్టీమియా సీసా కట్టండి. రెండోరోజు సాయంత్రం సన్నమేతతో పాటు చిటికెడు ఆర్టీమియా వేసి చూడండి. నాలుగైదు రోజులదాకా రెండూ కలిపే నడపాలి, చిన్నవాటికోసం.

ఎంత పెట్టాలో పొట్టే చెబుతుంది. మేత వేసిన అరగంటకి టార్చి వేసి చూస్తే ఆర్టీమియా తిన్న పిల్ల పొట్ట నారింజగింజలా మెరుస్తుంది, ఈల్స్, మైక్రోవర్మ్స్ తిన్నదాని పొట్ట తెల్లగా ఉబ్బి ఉంటుంది. లోపలికి లాక్కుపోయి పారదర్శకంగా ఉంటే తినలేదని అర్థం. పదింట్లో ఏడెనిమిదికి నారింజ పొట్టలుండి, రెండు మూడింటికి ఖాళీగా ఉంటే మేత తక్కువై కాదు, వాటికి పెద్దదై. సన్నమేత ఇంకో రెండు రోజులు పొడిగించండి. రెండు గంటల తరవాత కూడా ఆర్టీమియా అడుగున కుప్పగా ఉంటే మరుసటి పూట సగానికి తగ్గించండి.

రోజూ సాయంత్రం సన్న ఎయిర్ గొట్టంతో అడుగు మురికి లాగి, అంతే మేర అదే వేడిలో ఉన్న, ఒకరోజు నిల్వ ఉంచిన నీళ్ళు బొట్టుబొట్టుగా పొయ్యండి. లాగిన నీళ్ళు పారబొయ్యకుండా ముందు తెల్ల గిన్నెలో పట్టండి. అందులో కనీసం ఒకటి రెండు పిల్లలు తిరుగుతూ దొరుకుతాయి.